మల్లక్క చేనుకు బ్యాండుమేళం

తొర్రూరు దగ్గర మన ఊరు,
1962 సెప్టెంబరు 6

చిరంజీవి తమ్ముడు మొగిలికి నీ అక్క మల్లమ్మ దీవించి రాయునది. నేను బాగానే ఉన్నాను. చేనే బాగా లేదు.

పోయిన ఆదివారం పొద్దుమూకే వేళ మన మక్కజొన్న చేనులో అడవి పందులు దిగాయి. ముందు ఒక పెద్దది, దాని వెంట ఏడు పిల్లలు. వాటి వెనక మగది, దున్నదూడంత ఉంది. తిన్నదానికంటే తొక్కింది ఎక్కువ. నాలుగెకరాల్లో ఒక ఎకరం నేలమట్టం. పక్కచేను కొమురెల్లి కర్ర పట్టుకొని పోయి కంచె సందులో నిలబడ్డాడు. అవి వచ్చిన తోవ అదే, పోవాల్సిన తోవా అదే. "అడ్డం నిలబడకు కొమురెల్లీ, జర పక్కకు జరుగు!" అని నేను అరుస్తూనే ఉన్నాను. మగది తల వంచుకొని వచ్చింది. తొడకు ఏడు కుట్లు పడ్డాయి. ఎడ్లబండి మీద తొర్రూరు దవాఖానకు తీసుకుపోయాం. ఊరంతా బండి వెంట నడిచింది.

ఈ మక్కలు పోతే నాకు ఏడాది తిండి గాసం పోయినట్టే. డబ్బాలు కొట్టి చూశాం. వాటికి అలవాటైపోయింది. నీ రైలింజన్ల లోకోషెడ్డులో పెద్ద చప్పుడు చేసేది ఏదైనా ఉంటే వెంటనే పంపు.

ఇట్లు,
నీ అక్క మల్లమ్మ

తా.క.: నాకు రాత నేర్పింది నువ్వే. ఇందులో తప్పులుంటే అవి నీవే.

కాజీపేట,
సెప్టెంబరు 11

అక్కకు మొగిలి దండాలు పెట్టి రాసేది. ఉత్తరం అందింది, కానీ నాని అందింది. పోస్టుమాన్ సంచిలోకి వాన దూరి, తడిస్తే ఊదారంగుకు తిరిగే నీ పెన్సిలు రాత చారులాగా అయింది. అయితేనేం? మసి పట్టిన ఇంజన్ల మీద నంబర్లు చదివే కళ్ళు నావి. మిగిలిన మాటలు ఏరుకున్నాను. పందిళ్ళు. కొమురెల్లి. ఏడు కుట్లు. ఎడ్లబండి. ఊరంతా వెంట నడిచింది. పెద్ద చప్పుడు పంపు. ఇంకా చెప్పాలా? కొమురెల్లన్న పెళ్ళి!

ఏడు జతల కొత్తబట్టలు కుట్టించుకున్నాడంటే మామూలు పెళ్ళి కాదు. "ఒక పెద్దది, దాని వెంట ఏడు పిల్లలు" అన్న ముక్క కూడా కనబడింది. ఏడుగురు పిల్లలున్న ఆమెను ఆదరించడం గొప్ప సంగతే. కానీ సమ్మమ్మ వదిన ఉండగా రెండో పెళ్ళేమిటి? ఆమె ఎట్లా ఒప్పుకుంది? భాద్రపదంలో ముహూర్తం ఎవరు పెట్టారు? పోనీలే, ఎవరి తొందర వారిది.

నువ్వు నోరు తెరిచి ఏదైనా అడగడమే అరుదు. కాజీపేట సాంబయ్య బ్యాండును మాట్లాడాను. పదకొండు మంది, అందరికీ ఎర్రకోట్లు. శనివారం బస్సుకు వస్తారు.

ఇట్లు,
నీ తమ్ముడు మొగిలి

తా.క.: కొమురెల్లన్నకు వేరే కార్డు రాశాను. "ఈ వయసులో నీ ధైర్యానికి జోహారు. కొత్త వదినకు, ఏడుగురు పిల్లలకు నా శుభాకాంక్షలు" అని.

మన ఊరు,
సెప్టెంబరు 14

మొగిలికి అక్క రాయునది. ఈసారి దీవెనలు సగమే.

నీ కార్డు కొమురెల్లి కంటే ముందు సమ్మమ్మ చేతిలో పడింది. బడిపంతులుతో చదివించుకుంది. ఆయనది అసలే పెద్ద గొంతు. "ఏడుగురా! నాకు తెల్వకుండ ఏడుగురా!" అని ఆమె రోకలి అందుకుంది. మంచంలో కదలలేని మనిషి "పంది పిల్లలే సమ్మీ! పంది పిల్లలు!" అని మొత్తుకున్నాడు. "పసిపోరలను పట్టుకొని పంది పిల్లలంటవా? వాళ్ళేం పాపం చేసిన్రు?" అని ఆమె ఇంకా మీదికి పోయింది. నేను రోకలి పట్టుకొని వేలాడకపోతే ఎనిమిదో కుట్టు పడేది. చివరికి ఆమెను చేనుకు తీసుకుపోయి గిట్టల గుర్తులు చూపిస్తే గాని నమ్మలేదు.

పంది రా నాయనా. "పం" తర్వాత "ది". అక్కడితో ఆగు, "రి" లేదు.

ఇంకో ఎకరం పోయింది. నిన్న సాయంత్రం మగది మళ్ళీ వచ్చింది. కోరలు నా వేళ్ళంత ఉన్నాయి. గట్టు మీద నిలబడి చూస్తూ ఊరుకున్నాను. కొమురెల్లి గతి చూశాక చేనుకు తోడు రమ్మంటే ఎవరూ రావడం లేదు. నాకూ భయంగానే ఉంది. బ్యాండును మాత్రం పంపకు. పదకొండు మంది పాపం నాకు చుట్టకు.

ఇట్లు,
మల్లమ్మ

తా.క.: ఈ ఉత్తరానికి నూనెగుడ్డ చుట్టి కవరులో పెట్టాను. ఇది తడవదు. చదవడం మాత్రం నువ్వే నేర్చుకోవాలి.

కాజీపేట,
సెప్టెంబరు 19

అక్కకు తలెత్తలేక మొగిలి రాసేది. నీ కవరు సోమవారం వచ్చింది. బ్యాండు శనివారమే బస్సెక్కింది. చదువుతుంటే నా చేతిలో స్పానరు జారి కాలిమీద పడింది. సెలవు పెట్టి బయలుదేరబోతుంటే సాంబయ్యే ఎదురొచ్చాడు, మెడ నిటారుగా పెట్టుకొని!

"ఫికర్ చెయ్యకు మొగిలన్నా, పందులను వాగు దాటించినం" అన్నాడు. "నేను గట్టు మీద నిలబడి క్లారినెట్ ఎత్తిన్నో లేదో, గవి తోకలు ముడుచుకొని వరసగ పోయినయ్. పెద్ద డోలును మాత్రం మగది పొడిచి తునకలు చేసింది."

షెడ్డులో అతనికి దండ వేశాం. ఫోర్మన్ చెయ్యి కలిపాడు. ఇదంతా నిజమేనా అక్కా? చేను దక్కిందా? నీకేం కాలేదు కదా? వెంటనే రాయి.

ఇట్లు,
మొగిలి

తా.క.: సాంబయ్య కోటు వీపు వైపు నిలువునా చిరిగి ఉంది. ఎదురు నిలిచి పోరాడినవాడికి వెనక ఎందుకు చిరిగిందని అడిగాను. "చుట్టుముట్టినయ్" అన్నాడు.

మన ఊరు,
సెప్టెంబరు 23

చిరంజీవి మొగిలికి అక్క నిండుగా దీవించి రాయునది. చేను దక్కింది. నేను కులాసా.

శనివారం సాయంత్రం వాళ్ళు బస్సు దిగి, "పెండ్లికొడుకు ఏడి?" అని అడిగారు. "మంచంల ఉన్నడు" అన్నాను. "మరి పెండ్లిపిల్ల?" అన్నాడు సాంబయ్య. ఒళ్ళు మండి, "మక్కచేన్ల ఉన్నది, పోయి చూడు" అన్నాను. ఎకసెక్కానికి అన్న మాటను నిజమనుకొని, కోట్లు సర్దుకొని అటే నడిచారు. వద్దు వద్దంటూ వెనక ఉరికాను. అప్పటికే గట్టెక్కి పాట ఎత్తుకున్నారు.

మక్కలు కదిలాయి. పెద్దది బయటికి వచ్చింది, పిల్లలతో సహా. దాని వెనకే మగది. పాట అక్కడే తెగింది. పదకొండు మందీ ఒక్క తుమ్మచెట్టే ఎక్కారు, ముళ్ళున్నాయని కూడా చూడలేదు. సాంబయ్య అందరికంటే పైకొమ్మకు పోయాడు. కోటు చిరిగింది అక్కడే.

గట్టు మీద నేనూ, వాళ్ళు వదిలేసిన పెద్ద డోలూ మిగిలాం. మగది వీపు మీది వెంట్రుకలు నిలబెట్టి నన్నే చూస్తోంది. ఉరికితే తరుముతుంది. తోవకు అడ్డం నిలబడితే చీరుతుంది, ఆ సంగతి కొమురెల్లి తొడను చూసి నేర్చుకున్నదే. అందుకే మెల్లగా వెనక్కి నడిచి, వాగు వైపు తోవ దానికి వదిలేసి, డోలు మెడకు తగిలించుకున్నాను. కర్ర ఎత్తి ఒక్క దెబ్బ వేశాను. నా గుండెలే అదిరాయి. ఇంకొకటి వేశాను. ఇంతలో సమ్మమ్మ పరుగెత్తుకొచ్చి కిందపడ్డ బ్యాండువాళ్ళ ఇత్తడి తాళాలు అందుకుంది. "నా ఇంట్ల చిచ్చు పెట్టింది గిదేనా!" అని ఆమె కొట్టిన కొట్టుడుకు మగది ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ తర్వాత తిరిగింది. పిల్లలు ముందు, పెద్దది వెనక, మగది చివర, అన్నీ వాగు దాటి గుట్టకు పోయాయి.

ఇప్పుడు రోజూ సాయంత్రం పన్నెండు మంది ఆడవాళ్ళం గట్ల వెంట తిరుగుతున్నాం. ముందు నేను డోలుతో నడుస్తాను. వారం రోజులుగా ఒక్క గిట్ట గుర్తు లేదు. నా రెండెకరాలే కాదు, ఊరి చేన్లన్నీ నిలబడ్డాయి. నిన్న పంచాయతీలో నన్ను కుర్చీ మీద కూర్చోబెట్టి మరీ మాట్లాడారు.

ఇట్లు,
నీ అక్క, డోలు మల్లమ్మ
(ఊరు పెట్టిన పేరు)

తా.క.: డోలు తునకలు కాలేదు, నిక్షేపంలా ఉంది. కావాలంటే సాంబయ్యను వచ్చి తీసుకుపొమ్మను. పొద్దుమూకే వేళకు, నేరుగా చేనుకే రమ్మను.