బండి ఎటు పోతున్నది

న్యూ లిన్, ఆక్లాండ్
15 జూన్ 2025, ఆదివారం

మిత్రుడు జనార్ధనరావుకు వీరేశం నమస్కారం పెట్టి రాయునది. ఇక్కడ నేను, బిడ్డ హారిక, మనవరాలు అమూల్య మంచిగున్నం. అల్లుడు రవికిరణ్ పని మీద క్రైస్ట్‌చర్చ్‌ల ఉన్నడు, పదిహేను రోజులకోసారి వచ్చి పోతడు. చలి మస్తుగున్నది, వాన ఆగుతలేదు. నీ పానం, నీ ఇంటామె మా శకుంతల చెల్లె పానం మంచిగుండాలని కోరుతున్న. నా అక్షరాలు ఎప్పటి లెక్కనే వంకర. చదువుకో. ఫోన్ల చెప్తే మధ్యల అందుకుంటవు, అందుకే రాస్తున్న. ఈ కాయితాలను అమూల్య ఫోటోలు తీసి శకుంతల ఫోన్‌కు పంపుతది.

సంగతేందంటే, మన సినిమా దొరికింది.

ఏ సినిమా అంటవేమో. ఎనభై తొమ్మిదిల మన కోరుట్ల టాకీసుల వారం ఆడిన ఇంగ్లీషు సినిమా. హిందీ సినిమా రీళ్ల పెట్టెలు టైముకు రాలేదని టాకీసు సేటు అగ్గువకు ఏదో ఒకటి పట్టుకొచ్చిండు. గుర్రపు బండి ముసలోడు, గడ్డకట్టిన నది, అలిగి పోయిన బిడ్డ. నేను క్యాబిన్ల మెషిన్ నడిపితి, నువ్వు తెర పక్కన మైకు పట్టుకొని కథ తెలుగుల చెప్తివి. నీకు ఇంగ్లీషు రాదు, నాకు రాదు, చూసెటోళ్లకు రాదు. అయినా వారం ఆడింది.

అమూల్య పని నీకు తెల్వదు. ఆఫీసు నుంచి వచ్చినంక పాత విదేశీ సినిమాల డిస్కులు పెట్టుకొని చూస్తది. బొమ్మ ఎట్లున్నది, సౌండ్ ఎట్లున్నది, సినిమా కాక ఇంకేమేం ఇచ్చిండ్రు అని ఇంటర్నెట్‌ల రాసి, పదికి ఇన్ని అని మార్కులు వేస్తది. అది చదివి కొనాల్నా వద్దా అని చూసెటోళ్లు చానమంది ఉన్నరట. నేను చెప్పిన గుర్తులు పట్టుకొని రెండేండ్లు వెతికి ఈ డిస్కు తెప్పిచ్చింది. తాతా, నువ్వు ఆపరేటర్‌వి కదా, బొమ్మ మార్కులు నువ్వే వెయ్యమన్నది. ఈ దేశం వచ్చి పన్నెండేండ్లాయె, నా పని గురించి నన్ను అడిగిన మనిషి లేడు. కుర్చీ టీవీ ముందరికి జరుపుకొని కూసున్న.

మొదటి ముచ్చట, అది ఇంగ్లీషు సినిమానే కాదు. హంగేరీ దేశంది. మనకొచ్చింది ఇంగ్లీషు మాటలు అతికిచ్చిన ప్రింటు. ఊరంతా ఇంగ్లీషు సినిమా అనుకొని చూసింది. నువ్వైతే ఒక్కో మాట అర్థమైనట్టే తల ఊపినవు.

బొమ్మకు తొమ్మిదిన్నర వేసిన. నలుపు నలుపు లెక్కనే ఉన్నది. మన ప్రింటుల ఆ నది మీద ఎప్పుడూ వాన పడుతున్నట్టు గీతలు, ఈ డిస్కుల ఒక్క గీత లేదు. మంచు అంటే ఒట్టి తెలుపు కాదు, అండ్ల నీలం ఉన్నది, బూడిద రంగున్నది. అట్లని తోమి తోమి ముఖాలను మైనం బొమ్మలు చెయ్యలేదు, ఫిలిం మీద ఉండే సన్న గింజ అట్లనే ఉంచిండ్రు. అమూల్య కూడ ముందుగాల అదే అడిగింది. అర మార్కు ఎందుకు కోసిన అంటే, రీలు అయిపోవచ్చినప్పుడు కుడిపక్క పై మూలకు చుక్క పడ్తది కదా, అది చూసే కదా నేను రెండో మెషిన్ అందుకునేది. ఆ చుక్కలు తుడిచేసిండ్రు. వాటి కోసం చూసి చూసి కన్ను గుంజింది. అది తప్పు కాదు, అందరూ తుడుస్తరని అమూల్య కొట్లాడింది. నా మార్కు నేను కోస్త అన్న.

ఇంకోటి చెప్తె నవ్వకు. ముసలోనికి టోపీ ఉన్నది. ఎర్రది, ఉన్నిది, మీద కుచ్చు కూడ ఉన్నది. మన మెషిన్ల బొమ్మకు చట్రం కట్టే రేకు ఒక్కటే ఉండె, వెడల్పు సినిమాలది. అదే పెట్టి అన్నీ నడిపిన. పైన కింద కోసుకపోయింది. వారం రోజులు ఒక మనిషిని నెత్తి లేకుండ ఆడిచ్చిన. దానికి నాకు ఎన్ని మార్కులు వెయ్యాల్నో అమూల్య ఇంకా చెప్తలేదు, నవ్వుతనే ఉన్నది.

సౌండ్‌కు పది. మన దగ్గర ఫ్యాన్ల చప్పుడు, పల్లీల చప్పుడు, నీ గొంతు. ఈ డిస్కుల గుర్రం ఊపిరి ఇడిస్తె వినపడ్తది, డెక్క కింద మంచు కిర్రుమంటది.

సినిమా కాక ఇచ్చినయి చాన ఉన్నయి. దర్శకుడు ముసలితనంల కూసొని మాట్లాడింది అర్ధగంట. తీసేసిన సీన్లు మూడు. నలభై పేజీల పుస్తకం, నాకు ఇంగ్లీషు చదువరాదు కాబట్టి కాయితం ముట్టి చూసిన, మంచిది. ఇంకొకటున్నది, వింటే ఎగురుతవు. బటన్ ఒత్తితే, సినిమా నడుస్తుంటే ఒకాయన మీదికెళ్లి మాట్లాడుతనే ఉంటడు. అది నీ పని జనార్ధన్. ఎవరో పెద్ద ప్రొఫెసరట. గొంతుల ఉప్పు లేదు, కారం లేదు. ముసలోని కుక్క చచ్చేకాడ కూడ కెమెరా ఎక్కడ పెట్టిండ్రో చెప్తడు. నువ్వు అక్కడ మైకు పక్కకు పెట్టి ఊకుంటివి, టాకీసంతా ముక్కులు చీదుతుండె. ఆయనకు ఆరు వెయ్యమన్న.

ఇగ ఆఖరి సీను. మంచుల ఒక ఇల్లు, కిటికీల దీపం. ముసలోడు గడప ముందర చానసేపు నిలబడ్తడు. ఎనుకకు తిరిగి బండెక్కుతడు. బండి నది మీదికెళ్లి పోయి పొగమంచుల కల్సిపోతది. నువ్వేమన్నవో యాదికున్నదా? అది ముసలోని సొంతిల్లు, బిడ్డను తోలుకొస్త, వచ్చేదాక ఇంట్ల దీపం ఆరొద్దని వెలిగిచ్చి బయలెల్లిండు, నది దాటి బిడ్డ దగ్గరికి పోతున్నడు అన్నవు.

అప్పటికి మా హారిక రవికిరణ్‌ను రిజిస్టర్ పెండ్లి చేసుకొని కాజీపేట పోయి నాలుగు నెలలు. వాళ్లు కిరస్తానపోళ్లని నేను ఆ గడప తొక్కనంటి. ఆఖరి రోజు మ్యాట్నీ కాంగనే కాజీపేట బస్సెక్కిన. నా బుద్ధికి నేనే పోయిన, నీ మైకుకు దానికి సంబంధం లేదని నీకు ఎన్నోసార్లు చెప్పిన.

డిస్కుల చూసిన. నువ్వు చెప్పిందే నిజం. బండి బిడ్డ దగ్గరికే పోతున్నది. ఇది నీకు తెల్వాలని రాసిన.

శకుంతల ఫోన్ చేసింది. నీ బిడ్డ కృష్ణవేణి మొదటి మొగన్ని ఇడిచిపెట్టి తనకు నచ్చినోన్ని చేసుకున్నదని రెండేండ్ల సంది బిడ్డ ముఖం చూస్తలేవట. పాప పుట్టిందట. వచ్చే ఆదివారం కరీంనగర్‌ల పాపకు తొట్టెల పండుగ పెట్టుకుంటె నువ్వు రానంటున్నవట, శకుంతల ఒక్కతే బస్సుల పోతదట. నేను బుద్ధి చెప్తలేను. నాకు చెప్పే అలవాటు లేదు, నీకు వినే అలవాటు లేదు. సినిమా ముచ్చట రాసిన, అంతే.

ఇట్లు,
నీ క్యాబిన్ మనిషి
వీరేశం

తా.క. సోమవారం పొద్దున రాస్తున్న. అమూల్యకు తెలుగు చదువరాదు, వింటే తెలుస్తది. ఫోటోలు తీసే ముందర ఉత్తరం చదివి వినిపిచ్చిన. ఆఖరి సీను కాడికి రాంగనే ఫోన్ కింద పెట్టింది. "తాతా, ఇది ఫేక్ రివ్యూ. నేను ఫోటో తియ్యను," అన్నది.

పిల్ల అన్నది కరెక్టే. ఆ ఇల్లు ముసలోనిది కాదు, బిడ్డది. గడప దాక వచ్చి, తలుపు కొట్టలేక, వాపస్ తన ఇంటికి పోతున్నడు. బొమ్మ కింద పడే ఇంగ్లీషు అక్షరాలు అమూల్య చదివి చెప్పింది, ప్రొఫెసర్ కూడ అదే అన్నడు. నమ్మబుద్ధి గాక తీసేసిన సీన్లు మూడు మూడుసార్లు పెట్టిచ్చుకున్న, ఎక్కడన్న మళ్లొచ్చి తలుపు కొడ్తడేమో అని. కొట్టలేదు. వారమంతా ఆటాటకు నా కండ్లతోటి చూసిన బండి. ఒక్కసారి కూడ అది వాపస్ పోతున్నదని అనుకోలే, నువ్వు చెప్తున్నవు కాబట్టి.

అర్థంగాక అట్ల చెప్పినవో, పైన క్యాబిన్ల నేనున్ననని చెప్పినవో, అడుగుదామని చాన ఉన్నది. అడగ. ఏదైనా గాని, నేను పోయి తలుపు కొట్టిన, హారిక తీసింది. నా బుద్ధికి నేనే పోయిన అన్నది అబద్ధం. నీ మాట మీద పోయిన. ముప్పై ఆరేండ్లు ఈ ముక్క నా నోట రాలే.

ఇప్పుడు మైకు నా చేతుల ఉన్నది, విను. ఆదివారం పొద్దున. కోరుట్ల బస్టాండు. కరీంనగర్ బస్సు కదిలింది. శకుంతల కిటికీ పక్కన కూసున్నది. ఆమె పక్క సీట్ల నువ్వున్నవు.