అమ్మ నడిచిన ఎర్ర లోయ

కొరీన్ అక్కా,

అమ్మను వృద్ధాశ్రమంలో చేర్పించమని నువ్వు మళ్ళీ ఫోన్ చేసేలోపే ఈ సంగతి రాస్తున్నాను.

ఆదివారం కసీనోలో పేకముక్కలు పంచే డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి, అమ్మ చేతికర్రతో గుమ్మంలో నిలబడి ఉంది.

"రెడ్ రాక్ లోయకు తీసుకెళ్ళవే. ఈ లాస్ వేగస్‌లో ఇన్నేళ్ళు డాన్సు చేశాను, ఒక్కసారీ అటు వెళ్ళలేదు," అంది.

తుంటి ఆపరేషన్ గుర్తు చేశాను.

"తుంటి నాది. నీకెందుకే నొప్పి?" అని కసిరింది.

చేసేది లేక తీసుకెళ్ళాను. లోయలో సగం దూరం నడిచాక జారి పడింది. మోకాలు గీరుకుపోయింది. అటుగా వస్తున్న పార్కు రేంజరు పరుగెత్తుకొచ్చి, "భయపడకండి పెద్దమ్మా, ఎత్తుకెళ్తాను," అన్నాడు.

"స్టేజీ మీద రోజూ ఎవడో ఒకడు ఎత్తేవాడు నాయనా. ఇవాళ నా కాళ్ళతో నేనే వెళ్తా. కాస్త జరుగు!"

బండ పట్టుకుని లేచింది. ఆగుతూ, ఆయాసపడుతూ, నన్ను తిడుతూ లోయ చివరనున్న నీటి మడుగు దాకా నడిచింది. చల్లటి నీళ్ళలో పాదాలు పెట్టి పకపకా నవ్వింది. నాన్న పోయాక ఆ నవ్వు వినడం ఇదే మొదలు.

అమ్మ ఎక్కడికీ వెళ్ళదక్కా, నా దగ్గరే ఉంటుంది. మళ్ళీ పడొచ్చు. తనంతట తాను లేచేదాకా పక్కనే కూర్చుంటాను.

నీ చెల్లెలు