ప్లోవ్‌దివ్ తలలకు మాత్రమే

ఫిబ్రవరి 9

నేటి నుంచి చరిత్ర రాయడమైనది. చదివేవాళ్ళెవరూ లేరు కాబట్టి అబద్ధాలాడే అవసరం లేదు. పెద్దపెద్ద చరిత్రకారులకు కూడా దొరకని సౌకర్యం ఇది.

మా అక్క బొయానా తయారు చేసిన గేమ్ కంట్రోలర్ ఈ రోజు పెట్టెల్లోకి ఎక్కింది. చేత్తో పట్టుకునేది కాదు, మెడలో వేసుకునేది. గుర్రపు నాడాలా భుజాల మీద పడుకుంటుంది. మెడ ఎటు వంచితే ఆటలో బండి అటు తిరుగుతుంది. భుజం ఎగరేస్తే ఆటలో మనిషి ఎగురుతాడు. తెర ఏదైనా అడిగితే తల ఊపి జవాబివ్వాలి. బటన్ అన్నదే లేదు. పేరు ‘హంస’. పెట్టింది నేనే. తత్త్వశాస్త్రంలో డిగ్రీ ఉన్నవాడికి మా ఊరు ప్లోవ్‌దివ్‌లో దొరికే ఉద్యోగాలు రెండు: కాఫీలు అందించడం, వస్తువులకు పేర్లు పెట్టడం.

వర్క్‌షాప్ ఓనర్ ఒగ్న్యాన్ నన్ను యాసెన్ అని పిలిచిన పాపాన పోలేదు. ఒరేయ్ ఫిలాసఫర్, జర్మనీ ఎగ్జిబిషన్‌కి పంపుతున్నాం, గేమర్లు చూసి చొక్కాలు చింపుకోవాలి, ఆ లెవెల్లో రాయి అన్నాడు. రాశాను.

కింది వాటాలో ఉండే స్తోయాంక పిన్ని వేడివేడి జున్ను పొరల బనిత్సా పళ్ళెంతో వచ్చి హంసని చూసింది. ఇదేంట్రా, నా మెడకేసి పొలానికి తోలుకెళతావా, మా తాత ఎద్దుకి ఇంతకంటే మెత్తని కాడి ఉండేది అంది. అక్క పడీపడీ నవ్వింది. నవ్వులో ఫోర్కు జారి కింద పడింది. ఎవరమూ కిందికి చూడలేదు. మా ఇంట్లో అదొక మర్యాద.

ఫిబ్రవరి 10

నిన్న అన్నీ రాసి అసలు సంగతి వదిలేశాను.

అక్క చేతులు పోతున్నాయి. కండరాల జబ్బు, వేళ్ళ దగ్గర మొదలైంది. సోఫియాలో డాక్టర్ దాని పేరు చెప్పాడు. పెట్టే పని నాకిచ్చి ఉంటే ఇంకాస్త పొట్టిది పెట్టేవాణ్ణి.

చిన్నప్పటి నుంచి మేమిద్దరం ఒకే ఆట ఆడుతున్నాం. డాన్యూబ్ మీద ఆవిరి పడవ. అక్క చుక్కాని పడుతుంది, నేను కొలిమిలో బొగ్గు వేస్తాను. ప్రతి రేవులోనూ తెర అడుగుతుంది: ఇంకా ముందుకా? నిరుడు ద్రాక్షలు కోసే రోజుల్లో అక్క వేళ్ళు జారి పడవని ఒడ్డుకి కొట్టింది. పోనీ చుక్కాని నేను పడతానులే అన్నాను. నోర్మూసుకుని బొగ్గు వెయ్యరా అంది. మర్నాడే హంస బొమ్మ మొదలైంది. ఆమె చెప్పింది, నేను గీశాను.

ఒక ఒట్టు కూడా వేయించుకుంది. ఇది జబ్బు మనిషి చేసిందని, జబ్బు మనుషుల కోసమని ఎక్కడా ఒక్క ముక్క రాయకూడదు. గేమర్లు దీన్ని కంట్రోలర్‌గా మెచ్చుకోవాలి, లేకపోతే కంట్రోలర్‌గానే బూతులు తిట్టాలి. జాలిపడేవాడు లోపం చెప్పడురా, లోపం చెప్పకపోతే వస్తువు బాగుపడదు అంది.

నాకు ఉన్నది ఒకటే అక్క. ఆమెకి మిగిలింది ఒకటే వస్తువు. అది బజారుకి వెళ్ళాలి. అంతే.

ఫిబ్రవరి 21

ఎగ్జిబిషన్ మొదటి రోజు. మేమంతా వర్క్‌షాప్‌లో లైవ్ చూశాం. చూడకుండా ఉండాల్సింది.

యోరిట్ అని ఒక డచ్చి స్ట్రీమర్, ఆటలాడుతూ లైవ్‌లో చూపిస్తాడు. వాడు నవ్వితే సగం యూరప్ నవ్వుతుందట. హంస మెడలో వేసుకున్నాడు, ఆటలో దాచుకున్న తన సొంత సేవ్ తెరిచాడు, నెలల తరబడి కట్టుకున్న కోట. బాగానే ఆడాడు. అరె, ఇది సూపర్ కదా అన్నాడు కూడా. ఒగ్న్యాన్ లేచి నా నుదుటి మీద ముద్దు పెట్టాడు.

చివర్లో పొరపాటున ఏదో మెనూలోకి వెళ్ళాడు. తెర అడిగింది: సేవ్ మొత్తం చెరిపేయాలా? అయ్యో వద్దు అని నవ్వుతూ తల అడ్డంగా ఊపాడు. ఖచ్చితంగానా అంది తెర. యోరిట్ కంగారుపడి ఇంకా గట్టిగా అడ్డంగా ఊపాడు. ఎంత ఉత్సాహమో అనుకుని ఉంటుంది హంస. కోట పోయింది.

అప్పుడు మాకు అర్థమైంది.

ఫిబ్రవరి 22

భావితరాల నిమిత్తం వివరణ. మా దేశంలో అవునంటే తల అడ్డంగా ఊపుతాం. కాదంటే గడ్డం పైకి ఎగరేస్తాం. మిగతా లోకమంతా తలకిందులు. ఈ సంగతి మాకు తెలియదా? పసిపిల్లకి కూడా తెలుసు. టూరిస్టులతో మాట్లాడేటప్పుడు తల బిగబట్టుకుని నోటితో చెబుతాం. కానీ హంసకి పాఠం నేర్పినప్పుడు వర్క్‌షాప్‌లో టూరిస్టు లేడు. అక్క తల, ఒగ్న్యాన్ తల, నా తల, స్తోయాంక పిన్ని తల. మన తల మనకి వంకరగా కనబడదు కదా.

యోరిట్ వీడియో అన్ని భాషల్లోకీ పాకింది. ఇండియా నుంచి ఎవరో కుర్రాడు తల అటూ ఇటూ కాకుండా ఊపితే హంస బిక్కచచ్చి ఆగిపోయిందట. అక్కకి అదొక్కటే నచ్చింది. మంచి టెస్టరు, వాణ్ణి ఉద్యోగంలోకి తీసుకోవాలి అంది.

మార్చి 1

మార్టెనిత్సా కట్టుకునే రోజు. ఎర్ర దారం, తెల్ల దారం పేనినది అక్క చేతికి కట్టబోయాను. చేతికెందుకురా పనికిమాలినదానికి, మెడకి కట్టు అంది. హంస పట్టీకి కట్టాను. మొదటి కొంగ కనబడేదాకా విప్పకూడదు.

గేమర్లు హంస పేరు మార్చేశారు. ఇంగ్లీషులో, పోలిష్‌లో, గ్రీకులో, అన్నిటిలోనూ ఒకటే మాట: ఎద్దు కాడి. స్తోయాంక పిన్ని లోకజ్ఞానం ముందు నా డిగ్రీ ఎందుకు పనికొస్తుంది?

కామెంట్లన్నీ నేను పైకి చదివాను. అక్క కుర్చీ వీపుకి తల ఆనించి వింది. ఇది వేసుకుంటే దున్నడం కూడా వస్తుందా అని ఒకడు. మా ఆవిడ నన్ను చూసి గడ్డి వేసింది అని ఇంకొకడు. దరిద్రపు కాడి, ఎడమ పట్టీ గిల్లుతోంది, గంటకి మెడ నలుపు తేలింది అని ఒక హంగరీ వాడు. అక్క లేచి కూర్చుంది. ఆగాగు, అది మళ్ళీ చదువు అంది. ఎడమ పట్టీ. నాలుగు రకాల తిట్లలో నాలుగుసార్లు అదే లోపం దొరికింది. అక్క ముఖం వెలిగిపోయింది. చూశావా, వీళ్ళు నిజంగా ఆడుతున్నారు అంది.

ఆమె అంత సంతోషంగా ఉండటం నేను చలికాలమంతా చూడలేదు. జనం బూతులు తిడుతుంటే.

మార్చి 9

తల ఊపుడు సరిచేశారు. ఇప్పుడు మొదట్లోనే అడుగుతుంది, మీది ఏ ఊరి తల అని. ఎడమ పట్టీ కింద మెత్త వేశారు. ఎవరూ పట్టించుకోలేదు. గేమర్లు వేరే జోక్‌లోకి వెళ్ళిపోయారు.

అక్క తన పాత హంసని మాత్రం మార్చనివ్వలేదు. నాది ప్లోవ్‌దివ్ తలేరా అంది. అది కాస్త కదిలినా పసిగట్టేలా పెంచమంది. పోయిన వారం కూడా పెంచాను. ఎంత సుకుమారమో మహారాణికి అన్నాను.

మార్చి 14

ఒగ్న్యాన్ నన్ను కాపానా వీధుల్లో కాఫీకి తీసుకెళ్ళాడు. ఒగ్న్యాన్ కాఫీ ఇప్పించాడంటే ఎవరికో మూడినట్టే.

ఫిలాసఫర్, పెద్ద ఎగ్జిబిషన్లు అయిపోయాయి, షాపుల వాళ్ళు ఫోన్ ఎత్తడం లేదు, నెలాఖరుకి హంస అచ్చులు పోయడం ఆపేస్తాను అన్నాడు. ఒక్కటే దారి ఉంది, మీ అక్క కథ రాయి, ఫొటో పెట్టు, రాళ్ళు కూడా ఏడవాలి అన్నాడు. ఒట్టు సంగతి చెప్పాను. ఒట్టు బతుకుతుంది, కాడి చస్తుంది, నీ ఇష్టం అన్నాడు. సిగ్గులేనివాడు అనుకున్నాను గానీ, అతని కళ్ళు కూడా ఎర్రగానే ఉన్నాయి.

రాశాను. బాగా వచ్చింది. నేను రాసినవాటిలో ఇదే మంచిది. అందుకు నా మీద నాకే అసహ్యం.

మార్చి 15, మధ్యాహ్నం

అక్కకి చదివి వినిపించాను. కిటికీ వైపు చూస్తూ వింది. పంపనా అని అడిగాను.

తల అడ్డంగా కదిలింది. కొంచెమే. కానీ కదిలింది.

అవునంది! మెట్లు దిగుతూనే పంపించేశాను.

మార్చి 16

లోకం ఏడుస్తోంది. యోరిట్ కూడా. కెమెరా ముందు ముక్కు చీదుకుని, నన్ను క్షమించు బొయానా, నా కోట పోతే పోయింది, నువ్వు నాకు స్ఫూర్తి అన్నాడు. ఎద్దు కాడి అన్నవాళ్ళంతా పాత కామెంట్లు చెరిపేశారు. హృదయాలు, దణ్ణాలు, కొవ్వొత్తులు. కొవ్వొత్తులెందుకురా, బతికే ఉంది!

ఒగ్న్యాన్ ఫోన్ చేసి, ఒరేయ్ యాసెన్ అన్నాడు. మొదటిసారి.

పరుగెత్తుకుంటూ ఇంటికి వెళ్ళి చెప్పాను. అక్క అంతా విని ఒక్కటే అడిగింది. ఎడమ పట్టీ గురించి ఎవరైనా రాశారా?

వెతికాను. ఎవరూ రాయలేదు.

మార్చి 17

అక్క మాట్లాడటం లేదు.

మార్చి 18

మాట్లాడింది.

నేను అవుననలేదురా అంది. వద్దని చెప్పడానికి గడ్డం ఎగరేయబోయాను, తల పైకి లేవలేదు, పక్కకి ఊగింది. మెడ కూడా మొదలైంది, కొన్ని వారాలైంది. నువ్వు మెట్లు దిగి పరిగెడుతుంటే వద్దు అని అరిచాను కూడా, నీకు వినబడలేదు అంది.

కోపంగా చెప్పి ఉంటే బాగుండేది. ఎక్కడో ఊడిన మేకు గురించి చెప్పినట్టు చెప్పింది.

తర్వాత ఇలా అంది. ఎద్దు కాడి అన్నప్పుడు వాళ్ళు నా పనిని తిట్టారు. ఇప్పుడు నన్ను పొగుడుతున్నారు. నా పని ఎక్కడికి పోయింది?

ఇలాంటప్పుడు అనడానికి తత్త్వశాస్త్రంలో ఏమీ లేదు. ఉన్నా నేను ఆ రోజు క్లాసుకి వెళ్ళి ఉండను.

ఒకటి మాత్రం ఇప్పుడు తెలుస్తోంది. కాస్త కదిలినా పసిగట్టేలా పెంచు, ఇంకొంచెం పెంచు అంటే, నేను మహారాణి అని వెక్కిరించాను.

మార్చి 30

ఏడ్చినవాళ్ళలో ఒక్కడూ కొనలేదు. ఎందుకు కొంటారు, వాళ్ళకి చేతులున్నాయి. గేమ్ షాపుల వాళ్ళు చాలా మర్యాదగా జవాబిచ్చారు: ఇంత గొప్ప వైద్య పరికరాన్ని మేం ఆటవస్తువుల అరలో పెట్టి అవమానించలేము. వైద్య పరికరాల వాళ్ళు ఇంకా మర్యాదగా అన్నారు: ఇది ఆటవస్తువు కదా.

చేతులు పడిపోయిన వాళ్ళు కొందరు రాశారు. ఎక్కడ దొరుకుతుంది అని. ఒక తల్లి రుమేనియా నుంచి, మావాడు రోజూ అడుగుతున్నాడు అని. ఏం చెప్పాలో ఒగ్న్యాన్‌ని అడిగాను. అతను బయటికి వెళ్ళి సిగరెట్ కాల్చుకొచ్చాడు.

ఏప్రిల్ 6

బస్సులోంచి కొంగని చూశాను. మరీత్సా నది ఒడ్డున, ఒంటికాలి మీద, పెద్ద ఆఫీసరులా. అక్కకి చెప్పలేదు. చెబితే మార్టెనిత్సా విప్పి పూసిన చెట్టుకి కట్టాలి. చలికాలం అయిపోయిందని ఒప్పుకోవాలి.

ఏప్రిల్ 19

అచ్చులు అమ్ముడుపోయాయి. కొన్నవాళ్ళు మెడ మసాజ్ మిషన్లు చేస్తారట. ఆకారం అద్భుతం, ఎవరు గీశారు అని అడిగారట. ఒగ్న్యాన్ ఈ మాట చెప్పి నవ్వబోయాడు. సగంలో ఆగి, మీ అక్కకి నేను చెప్పలేను, నువ్వే చెప్పు అన్నాడు.

చెప్పాను. ఎడమ పట్టీ కింద మెత్త లేకపోతే గిల్లుతుందని వాళ్ళకి చెప్పారా అంది.

ఏప్రిల్ 20

హంగరీ వాడికి నేనే మెసేజ్ పెట్టాను. దయచేసి మా కాడిని మళ్ళీ తిట్టమని. పాత కామెంట్ చాలా బాగుందని. వాడు క్షమాపణలు చెబుతూ పెద్ద ఉత్తరం రాశాడు. నాకు తిట్టు కావాలిరా బాబూ!

మే 4

స్తోయాంక పిన్ని సూప్ తినిపిస్తోంది. ఇప్పుడు ఆమె కాడి అనడం లేదు, హంస అంటోంది. అక్క ఆమె వైపు చూసి, పిన్నీ నువ్వు కూడానా అంది.

మే 11

పడవ ఆడదాం అంది. పాత హంస మెడలో వేశాను. ఎర్ర దారం, తెల్ల దారం ఇంకా ఉన్నాయి. కొంగ రాలేదా అని అడిగింది. రాలేదు అన్నాను, నోటితో. తల కదపలేదు.

చుక్కాని నేను పట్టనా అనలేదు. ఈసారి నాకు బుద్ధుంది.

మే 11, సాయంత్రం

అక్క కళ్ళు మూసుకుంది. మెడ అడ్డంగా ఊగుతోంది, దానంతటదే. ప్రతి రేవులోనూ తెర అడుగుతోంది, ఇంకా ముందుకా అని. కాడి అవునంటోంది. నేను బొగ్గు వేస్తున్నాను.