అంగుళం తక్కువ గిటారు

12 నవంబరు, ఆదివారం

చిరంజీవి అల్లుడు గారికి,

మీ అత్తయ్య మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం. క్షేమసమాచారాలతో మొదలుపెట్టడం మర్యాద కాబట్టి ముందు ఆ పని కానిస్తాను. మీ మామయ్య క్షేమం. మోకాలి నొప్పి తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు. కుట్టుమిషను క్షేమం. షాపులో చేతినిండా పని ఉంది. నా క్షేమం మాత్రం అడగొద్దు. గురువారం నుంచి అద్దంలో నా మొహం నాకే చూడబుద్ధి కావడం లేదు.

అమ్మాయి రోజూ ఫోన్ చేస్తూనే ఉంది. నేను తీయడం లేదు. మీ మామయ్య తీసి, మీ అమ్మ స్నానానికి వెళ్లిందమ్మా అని చెబుతున్నారు. ప్రతిసారీ అదే చెబితే అదేమనుకుంటుందండీ అని అడిగితే, మీ అమ్మకి శుభ్రత ఎక్కువైంది అనుకుంటుందిలే అన్నారు. ఆయన హాస్యం ఆయనది. నాది మొహమాటం కాదు బాబూ, సిగ్గు. ఫోన్లో మీ గొంతు వినే ధైర్యం లేక కాగితం పట్టుకున్నాను. ఉత్తరంలో అయితే మధ్యలో మీరు పర్వాలేదు అత్తయ్యా అనడానికి వీలుండదు. మీరు ఆ మాట అన్నారంటే నేనిక ఏమీ చెప్పలేను.

గురువారం సాయంత్రం మీ సంగీత పాఠశాల హాల్లో మూడో వరుసలో, గోడ పక్క కుర్చీలో కూర్చున్నాను. రెండేళ్లుగా అక్కడ తాత్కాలికంగా గిటారు నేర్పుతున్న మిమ్మల్ని ఉద్యోగంలో ఖాయం చేయాలా వద్దా అన్నది ఆ రోజు మీ వాయింపు విని తేలుస్తారని అమ్మాయి ముందే చెప్పింది. ప్రిన్సిపాల్ గారు మరో ఇద్దరితో ముందు వరుసలో కూర్చున్నారు. మీరు నీలం చొక్కా వేసుకుని, నేను చేసిన గిటారు పట్టుకుని వేదిక ఎక్కారు. పక్కనున్న ఆవిడతో, ఆ గిటారు నా చేత్తో చేసిందేనండీ అన్నాను. ఆవిడ అడక్కుండానే అన్నాను.

మొదటి పాట ఏ గండమూ లేకుండా గడిచింది. రెండో పాటలో మీ ఎడమచేతి వేళ్లు మెడ మీద నుంచి గిటారు పొట్ట వైపు జరిగాయి. అంతే. సంగీతం రాని నాకే తెలిసిపోయింది. ఒక్కో స్వరం ఉండాల్సిన చోటు దాటి పైకి పోతోంది. మీరు ఆగి తీగలు బిగించారు, సడలించారు, మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ అదే. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రిన్సిపాల్ గారు కళ్లద్దాలు తీసి డబ్బాలో పెట్టేసుకున్నారు. మూడో పాట మీరు వేళ్లు పొట్ట వైపు పోనీకుండా, కొత్తగా చేరిన పిల్లలకి నేర్పే పాఠంలా వాయించి ముగించారు. తల వంచి నమస్కరించి దిగిపోయారు.

నేను చప్పట్లు కొట్టలేదు. పక్కావిడ నా వైపు తిరిగేలోపు లేచి బయటపడ్డాను. మీరు గుమ్మం దగ్గర నిలబడి నా కోసం చాలాసేపు చూశారని మీ మామయ్య తర్వాత చెప్పారు. ఆయన్ని కూడా అక్కడే వదిలేసి వచ్చానని అప్పుడే గుర్తొచ్చింది.

ఈ పిచ్చి నాకెలా పట్టిందో మీకు సగమే తెలుసు. ముప్పై ఏళ్లుగా జనం భుజాలూ నడుములూ కొలుస్తున్నాను. ఏది కుట్టినా ఎవరో ఒకరు తొడుక్కుని పోతారు, ఉతికి ఉతికి వెలిసిపోతుంది. పోయిన వేసవిలో మీరు మా ఇంట్లో గిటారుకి తీగలు మారుస్తూ, నేను అడిగానని టార్చి వేసి దాని లోపలంతా చూపించారు. పైపలక అడుగున సన్నటి బద్దలు అతికించి ఉన్నాయి. కాలరు నిలబడటానికి లోపల బకరం పెట్టినట్టుందే అన్నాను. మీరు నవ్వి, సరిగ్గా అదే అత్తయ్యా అన్నారు. ఆ మాటతో నాకు కొమ్ములొచ్చాయి. బకరం పెట్టడం వచ్చినదానికి గిటారెంత అనుకున్నాను.

తలుపులు చేసే వడ్రంగి దగ్గర దేవదారు పలక, టేకు పట్టీలు తెచ్చుకున్నాను. నిలువెత్తు ప్లాను కాగితం తెప్పించుకుని షాపు వెనక గదిలో గోడకి అంటించాను. పక్క పట్టీలు వంచడానికి తడిగుడ్డ కప్పి ఇస్త్రీపెట్టెతో ఆవిరి పట్టించాను. మొదటిది ఫట్‌మని విరిగింది. రెండోదీ విరిగింది. మూడోది చెప్పిన మాట విన్నది. లోపలి అంచులకి జిగురు ఆరేదాకా బట్టలారేసే క్లిప్పులు వరసగా పెట్టాను. మీ మామయ్య తడి బనీను చేత్తో పట్టుకుని వచ్చి, నా క్లిప్పులన్నీ ఇది పెట్టేసుకుంది, నన్నేం పెట్టుకోమంటావు అని అడిగారు.

సాయంత్రం షాపు కట్టేశాక ఆ గదిలో కూర్చుంటే టైమే తెలిసేది కాదు. పలకని గరుకు కాగితంతో రుద్దడం, వేలితో తట్టి వినడం, మళ్లీ రుద్దడం. ఎవరూ వచ్చి ఎప్పటికి ఇస్తారమ్మా అని అడగని పని నా జన్మకి అదొక్కటే. చాలా సంతోషపడ్డాను బాబూ. అంత సంతోషం వల్లే కళ్లు నెత్తికెక్కాయేమో.

ఇక ఆ అంగుళం సంగతి. నా మెడలో వేలాడే టేపు మీరు చూసే ఉంటారు. దాని కొస రేకు ఎప్పుడో ఊడిపోయింది, మొదటి అంగుళం పీలికలైంది. అందుకని మనుషుల్ని కొలిచేటప్పుడు ఒకటో అంకె దగ్గర పట్టుకుని, వచ్చిన లెక్కలో ఒకటి తీసేస్తాను. గుడ్డ మీద గీసేటప్పుడు చెక్క స్కేలు వాడతాను కాబట్టి గొడవ లేదు. కొత్త టేపు కొనుక్కోవే అని మీ మామయ్య పోరుతూనే ఉంటారు. నాకు దానితోనే చెయ్యి ఆడుతుంది.

గిటారు మెడ మీద వేళ్లు నొక్కే మెట్లన్నీ ప్లాను కాగితం అతికించి దాని గీతల మీదే కోశాను. అవి సరిగ్గా పడ్డాయి. తీగలు వచ్చి ఆగే బ్రిడ్జి ఒక్కటే టేపుతో కొలిచి అతికించాను. ప్లానులో ఇరవై అయిదున్నర అని ఉంది. అలవాటుగా ఒకటో అంకె దగ్గర పట్టుకున్నాను, ఇరవై అయిదున్నర దగ్గర గీత పెట్టాను. మనుషుల కొలతలో తీసేసే ఆ ఒకటి ఇక్కడ కలపాలి. కలపలేదు. బ్రిడ్జి అంగుళం ముందుకి జరిగి కూర్చుంది. చొక్కాలో అంగుళం తేడా వస్తే కుట్టు విప్పి సర్దేస్తాం. గిటారులో అలా సర్దుకోవడం ఉండదట. మెడ మీద తల వైపు మెట్ల దగ్గర తేడా పెద్దగా తెలియదు, పొట్ట వైపు పోయేకొద్దీ ప్రతి స్వరమూ తప్పుతుంది.

కచేరీ నుంచి వచ్చాక బ్రిడ్జి కోసం ముందుగా గీత పెట్టుకున్న నమూనా కాగితం తీసి కొలిస్తే ఈ సంగతి బయటపడింది. అంతవరకూ నాకు తెలియదు. కొలతల మీద బతికినదాన్ని, కొలతలోనే బోల్తా పడ్డాను.

మీకు గిటారు ఇచ్చిన రోజు తలుచుకుంటే ఇంకా తల కొట్టేసినట్టుంది. ఇంటినిండా జనం. మీ అమ్మగారూ నాన్నగారూ, మా ఆడపడుచులు, షాపులో పాతికేళ్లుగా కుట్టించుకునేవాళ్లు, అందరినీ నేనే పిలిచాను. గిటారుకి నా చేత్తో కుట్టిన గౌను కూడా తొడిగాను. మీరు దాన్ని ఒళ్లో పెట్టుకుని కాసేపు వాయించి, బాగుంది అత్తయ్యా అన్నారు. కచేరీలో ఇదే వాయించాలి అని అందరి ముందూ అడిగేశాను. మీరు అలాగే అన్నారు. మా పెద్దాడపడుచు మొహం మాడిపోవడం చూసి ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. ఇప్పుడు ఆ ముద్దలు గొంతులోనే ఉన్నాయి.

మీరు మంచివారు కాబట్టి ఆ గిటారుని ఇంట్లో కళ్లెదుట పెట్టుకుంటారని నా భయం. దయచేసి అలా చేయకండి. తీగలు పీకేసి అటక మీద పడేయండి, లేదా ఎవరికైనా ఆడుకోవడానికి ఇచ్చేయండి. నేను ఏమీ అనుకోను. మీ ఉద్యోగం మాటేమిటో అమ్మాయిని అడగడానికి నోరు రావడం లేదు. అద్దె ఇల్లు మారదామని మీరిద్దరూ ఈ ఉద్యోగం మీదే ఆశ పెట్టుకున్నారని తెలుసు. మీ ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్లి, వాయించినవాడిది కాదు తప్పు, వాయిద్యానిది అని చెప్పాలని పొద్దుట్నుంచీ అనుకుంటున్నాను. చెప్పులు తొడుక్కుంటున్నాను, విప్పేస్తున్నాను. ఒక మామూలు టైలరు వెళ్లి అల్లుడి తరఫున బతిమాలితే మీకు ఇంకా చిన్నతనం అవుతుందేమోనని ఒక ఆలోచన. నిజానికి నాకే చిన్నతనమని రెండో ఆలోచన.

నన్ను క్షమించమని అడగడానికి వయసు అడ్డొస్తోంది, అయినా అడుగుతున్నాను. అమ్మాయితో నేను బాగానే ఉన్నానని చెప్పండి. మీ మామయ్య మీకు ఆశీస్సులు చెప్పమన్నారు. స్నానాల సంగతి రాయొద్దన్నారు కానీ రాసేశాను.

ఇట్లు,
మీ మేలు కోరే,
మీకు కీడు చేసిన
అత్తయ్య

తా.క. సోమవారం మధ్యాహ్నం రాస్తున్నాను. ఈ ఉత్తరం అంటించకుండానే పొద్దున మీ పాఠశాలకి వెళ్లివచ్చాను. ప్రిన్సిపాల్ గారు కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. గిటారులో ఏమైనా లోపం ఉందా అని ఆవిడ మిమ్మల్ని ఆ సాయంత్రమే సూటిగా అడిగారట. గిటారు బాగానే ఉంది మేడం, నా సాధనే చాల్లేదు అని చెప్పారట మీరు. ఎవరు చేశారో కూడా చెప్పలేదట. ఆ మాట విన్నాక పైన నేను రాసినదాన్ని మీకు అలాగే పంపలేను.

పైన ఒక అబద్ధం ఉంది. చింపేసి మళ్లీ రాద్దామనుకున్నాను. క్షమించమని అడుగుతూ కూడా అబద్ధమాడగలనని మీకు తెలియాలని అలాగే ఉంచుతున్నాను. అంగుళం సంగతి నాకు కచేరీ తర్వాత తెలియలేదు. మీకు గిటారు ఇవ్వడానికి రెండు రోజుల ముందే తెలుసు. ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చిన బ్యాంకాయన గిటారుని చూసి ముచ్చటపడి వాయించాడు. ఆయనకి గిటారు వచ్చు. పైకి వెళ్లేకొద్దీ స్వరం తప్పుతోందండీ, బ్రిడ్జి ఎక్కడో తేడాగా ఉంది, కొలిచి చూడండి అన్నాడు. ఆయన ఎదురుగానే కొలిచాను. బ్రిడ్జిని వేడి చేసి ఊడదీసి సరైన చోట అతికించుకోవచ్చు, వారం పని, కాకపోతే పాత చోట మచ్చ కనిపిస్తుంది అన్నాడు. అప్పటికే అందరినీ పిలిచేశాను. మచ్చ ఉన్న గిటారు మా ఆడపడుచులకి చూపించడం నా వల్ల కాలేదు. ఈ సంగతి ఎవరితోనూ అనొద్దని బ్యాంకాయన్ని బతిమాలాను.

ఇదంతా ప్రిన్సిపాల్ గారికి చెప్పేశాను. ఆవిడ డబ్బాలోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నారు. తర్వాత, మిమ్మల్ని ఇంకోసారి వినాలని ఉంది, మీ పాత గిటారుతో రమ్మని కబురు చేస్తానన్నారు. తప్పకుండా వెళ్లండి.

ఇంకొక్కటి. ఇది ఆవిడకి చెప్పలేదు, మీకే రాస్తున్నాను. గిటారు ఇచ్చిన రోజు ఇంట్లో మీరు వాయిస్తూ వాయిస్తూ వేళ్లు పొట్ట వైపు జరిపి, ఠక్కున ఆగి, తలెత్తి నా వైపు చూశారు. మీకు తెలిసిపోయిందని నాకు అర్థమైంది. నేను చూపు తిప్పుకున్నాను. అప్పుడే మీరు బాగుంది అత్తయ్యా అన్నారు. కచేరీలో ఇదే వాయించాలని నేను అడిగింది ఆ తర్వాత.