తాత కథ ఉన్న డబ్బా

బొంబాయి దగ్గరి పద్మనగర్, ఆగస్టు 2004, గురువారం రాత్రి

మరమగ్గాలు నడిపే మా అన్న మంచి మనసుతోనే నా టైపింగ్ షాపుకు కొత్త కంప్యూటర్ తెచ్చాడు. పెళ్లికార్డుల టైపింగ్ ఇక తొందరగా అవుతుందని నేనూ సంబరపడ్డాను. పాతదాంట్లోని ఫైళ్లన్నీ ఇందులోకి ఎక్కించి, ముందుగా నర్సయ్య తాత చెప్పిన కులపురాణం తెరిచాను. తెలుగు ఒక్క ముక్క లేదు. పేజీ నిండా పిచ్చి గీతలు, ఇంగ్లిషు అక్షరాలు. ఆ పాత తెలుగు ఫాంటు కొత్తదాంట్లో నడవదట.

తాత ఊరి నుంచి వచ్చినప్పుడల్లా పక్కన కూర్చుని చెబుతుంటే నేను టైపు చేసిన కథ అది. తాత పోయాడు. ప్రింటు తీసిన కాగితాలు పోయిన వానల్లో షాపులోకి నీళ్లొచ్చి ముద్దయ్యాయి. ఇప్పుడు ఆ కథ చదవాలంటే పాత కంప్యూటర్ డబ్బా ఒక్కటే దిక్కు. అన్నేమో దాన్ని తూకానికి ఇస్తానని పాత సామాన్లు కొనే భంగార్‌వాడికి మాటిచ్చి వచ్చాడు.

"పాతదాంతోటి ఇంకేం పనే? ఉత్తగ జాగ దండుగ," అన్నాడు.

"నీ మగ్గాలు కొత్తయా అన్నా? బొంబాయి మిల్లులోల్లు పారేస్తే తెచ్చినవే గద. ఇరిగితే అతికిచ్చి నడిపిస్తలేవా?"

"అవి బువ్వ వెడుతున్నయ్."

"ఆ బువ్వ తినేటోళ్లు ఎవలో గీ డబ్బాల ఉన్నది."

అన్న డబ్బా ఇస్తాననీ అనలేదు, ఇవ్వననీ అనలేదు. మళ్లీ ప్రింటు తీయాలి, కొత్త ఫాంటులో మొదటి నుంచి టైపు చేయాలి, ఎన్నాళ్లు పడుతుందో... అంతవరకు ఆ డబ్బా ఇక్కడి నుంచి కదలదు.

రేపు శుక్రవారం, మగ్గాలకు వారపు సెలవు. భంగార్‌వాడు తరాజు పట్టుకుని పొద్దున్నే వస్తాడట. రానీ. ముందు అన్న పాత మగ్గాలు తూచమంటాను.