మొలతాడు కింద మచ్చ

అమ్మకు,

ప్రభువు పేరిట వందనాలు. నంద్యాలలో నేనూ పిల్లలూ బాగున్నాం. అక్కడ నువ్వూ తమ్ముడు కరుణాకరూ బాగున్నారని తలుస్తున్నాను. నీకు ఫోన్‌లో సరిగా వినపడదు కాబట్టి రాస్తున్నాను. బైబిలు చదివే అద్దాలు పెట్టుకొని నువ్వే చదువుకో, కరుణాకర్ చేత చదివించుకోవద్దు.

ఆళ్లగడ్డ చేలల్లో బోన్లు పెట్టి పట్టిన ఎలుకలను మా ల్యాబులో ఏం చేస్తారని అడిగావు కదా. వాటి ఒంటికి అంటుకున్న పిడుదులు ఏరి సీసాలో వేస్తాం. చెవి కొసన చిన్న ముక్క కత్తిరించుకొని వదిలేస్తాం. పట్టిన ఎలుకను మళ్లీ చేనికే వదులుతారా అని తిడతావని తెలుసు. ఆ ముక్కలోంచి డీఎన్‌ఏ తీసి మెషిన్‌లో పెడతాం. కరోనా అప్పుడు నీ ముక్కులో పుల్ల పెట్టారే, అలాంటి పరీక్షే. పిడుదులు అంటించే జ్వరం క్రిమి ఉంటే తెరమీద గీత పైకి లేస్తుంది.

మన జొన్న చేలో పదకొండు ఎలుకలు పడ్డాయి. మంగళవారం పరీక్ష చేశాను. వాటిలో ఆరు ఎలుకలకు గీత లేచింది. నాకు ఏడుపు రాలేదు. గ్లవ్స్ తీసి చేతులు కడుక్కున్నాను, టీ తాగాను, ఇంటికొచ్చి పిల్లలకు చపాతీలు చేశాను. ఇప్పటికీ రాలేదు.

నాయన పోయిన రోజు మణెమ్మత్త అన్న మాట నువ్వు మళ్లీ రాశావు. "జరంలో పెరుగన్నం పెట్టి మనిషిని సంపుకుంటివి గదే!" అప్పటినుంచి నువ్వు పెరుగు ముట్టడం లేదని తమ్ముడు చెప్పాడు. అందుకే ఇది రాయక తప్పదు.

నాయన జ్వరంతో నా దగ్గరికొచ్చినప్పుడు, స్నానానికి నీళ్లు తోడుతుంటే పిలిచాడు.

"ఈడ నల్లగా ఉండాది, ఏందో సూడుమ్మా."

మొలతాడు కింద కాలినట్టు నల్లటి పెచ్చు. నొప్పి లేదన్నాడు.

"మొలతాడు ఒరుసుకుందిలే నాయనా" అన్నాను. కొబ్బరినూనె రాసి, కొత్త మొలతాడు కొనిచ్చాను. పిడుదు కుట్టిన చోట అలాంటి పెచ్చే కడుతుంది. రోజూ ఎలుకల ఒంటిమీద పిడుదులు వెతికే నేను, నాయన ఒంటిమీద వెతకలేదు. దీపం కింద చీకటంటే ఇదే.

అంతటితో ఆగలేదమ్మా. ఆసుపత్రిలో డాక్టరు "ఒంటిమీద పుండు, మచ్చ ఏమైనా ఉందా?" అని అడిగాడు. నాయన చొక్కా ఎత్తబోయాడు. "ఏం లేదు సార్" అన్నాను నేనే. నాయన చెయ్యి దించేశాడు. ల్యాబులో పనిచేసే కూతురు చెప్పింది కదా.

నాయన రక్తానికి ఆ పరీక్ష జరగలేదు, కాబట్టి ఇప్పుడు రూఢిగా ఎవరూ చెప్పలేరు. నాకు మాత్రం తెలుసు. ఆ మచ్చ చూపించి ఉంటే మాత్రలతో తగ్గే జ్వరం అది.

తమ్ముడు అదే చేనికి పోతున్నాడు. ఇంటికొచ్చాక ఒళ్లంతా, మొలతాడు జరిపి మరీ చూసుకోమను.

నా మీద కోపం వస్తే జాబు రాయకు. అత్తకు చెప్తావో లేదో నీ ఇష్టం. నాయన పెరుగన్నం అడిగి తిన్నాడు, నువ్వు పెట్టావు, అంతే. ఈ పూట నువ్వూ పెరుగు వేసుకొని తిను.

ఇట్లు,
నీ పెద్దకూతురు
ప్రసన్న