టీ కూజా కడిగిన కోడళ్ళు

ఇంగ్లండులోని హల్ రేవులో హెసిల్ రోడ్డు పక్క సందులో కాపురముంటున్న, కీర్తిశేషులు క్లిఫర్డ్ బ్లెంకిన్ భార్య మురియెల్ బ్లెంకిన్ అనే నేను, మంచం పట్టినా బుద్ధి నిలకడగానే ఉందని డాక్టరుగారు చెప్పిన మీదట, ఎవరి బలవంతమూ లేకుండా రాసుకుంటున్న చివరి వీలునామా ఇది. ఇంతకు ముందు రాసినది ఇకపై చెల్లదు. దీన్ని అమలు జరిపే బాధ్యత నా ఒక్కగానొక్క కూతురు థెల్మాది.

1. ఇల్లు అద్దెది. పోస్టాఫీసులో ఉన్న సొమ్ము నన్ను పూడ్చడానికి. ఏమైనా మిగిలితే థెల్మాకి.

2. పంచదార బిళ్ళలు తీసే పట్టకారు పక్కింటి బీట్రిస్‌కి ఇద్దామనుకున్నాను. ఎప్పటినుంచో దాని మీద కన్నేసింది. కానీ సాక్షి సంతకం పెట్టేవాళ్ళకి వీలునామాలో ఏదీ చెందదని వకీలు చెప్పారు. అప్పటికే ఆవిడ సంతకం పెడతానని మాటిచ్చేసింది. కాబట్టి పట్టకారు చర్చి మహిళా సంఘానికి. బీట్రిస్ అక్కడికెళ్ళి చూసుకోవచ్చు.

3. మా ఆయన ఎనామెల్ మగ్గు థెల్మా కొడుకు, నా మనవడు బ్యారీకి. అందులో పాలు ముందు పోసి, ఆ మీదట టీ పోయాలి. "పాలు తర్వాత పోసుకునేది దొరలు, మురియెల్. మనకెందుకే ఆ షోకులు" అనేవాడు. చివరిసారి ఓడెక్కినప్పుడు దీన్ని మరిచిపోయి వెళ్ళాడు.

4. కూజా చల్లారకుండా తొడిగే ఊలు టోపీ థెల్మాకి. మా అత్తగారు కెజియా అల్లింది. అల్లికలో ఆవిడకి సాటి లేరు. నా మీద కోపం కూడా అంత బిగువుగానే అల్లుకుంది.

5. గోధుమరంగు మట్టి టీ కూజా, మూతతో సహా, బ్యారీ భార్య శాండ్రాకి. థెల్మాకి కాదు. ఎందుకో చెబుతాను.

మగవాడు చేపల ఓడెక్కిన రోజున మన సందులో ఆడవాళ్ళు బట్టలు ఉతకరు, కూజాలో ఆకు పారబోసి కడగరు. కడిగితే మనిషి కొట్టుకుపోతాడంటారు. నేను బార్లీ పొలాల మధ్య పుట్టినదాన్ని, నాకేం తెలుసు? క్లిఫర్డ్ అటు వెళ్ళగానే వంటిల్లు సర్ది, కూజా శుభ్రంగా కడిగి బోర్లించాను. ఐస్‌లాండ్ దగ్గర ఓడ నిండా మంచు పేరుకుని అది ఒరిగిపోయింది. ఒక్కడూ తిరిగి రాలేదు.

"నా కొడుకుని టీ ఆకుతో పాటు పారబోశావు కదే!" అంది మా అత్తగారు. ఆ తర్వాత ఒకే వంటింట్లో ఉంటూ కూడా నా చేతి టీ ముట్టలేదు. తన టీ తనే పెట్టుకునేది. నీకూ అదే నేర్పింది, థెల్మా. ఆదివారం వస్తావు, "నువ్వు కూర్చో అమ్మా, నేను పోసుకుంటాలే" అంటావు. నా కాళ్ళ నొప్పులు చూసి అంటున్నావని బీట్రిస్ మురిసిపోతుంది. అసలు సంగతి నాకు తెలుసు.

పోయే రోజు మధ్యాహ్నం మీ నాయనమ్మ "ఓ కప్పు పొయ్యవే" అంది. నా చెవులని నేనే నమ్మలేదు. కూజాని వేడినీళ్ళతో తొలిపి, మనిషికో చెంచా, కూజాకో చెంచా ఆకు వేసి, మరుగుతున్న నీళ్ళు పోశాను. కప్పు నోటికి అందిస్తే చుక్క మిగల్చకుండా తాగింది. అప్పుడు చెప్పింది: "నేనూ ఓసారి కడిగానే, అమ్మాయ్. మీ మామ ఓడెక్కిన రోజే. చక్కగా తిరిగొచ్చాడు. చేపలు కూడా బోలెడు పడ్డాయి." ఆ మీదట, "సముద్రాన్ని తిడితే వింటుందా? నువ్వు ఎదురుగా ఉన్నావు" అంది.

నాకు కోపం రాలేదు. ఏడుపొచ్చింది. అన్నేళ్ళూ ఇద్దరం ఒకే మనిషి కోసం, ఒకే ఇంట్లో, విడివిడిగా ఏడ్చాం.

నాయనమ్మంటే నీకు ప్రాణం, అందుకే చెప్పలేదు. ఇప్పుడు నోటితో చెబితే తప్పించుకోవడానికి అంటున్నానంటావు. చచ్చినదానికి తప్పించుకోవాల్సిన పనేముంది?

6. మొన్న బ్యారీ ఓడెక్కిన రోజున శాండ్రా సందు అవతల మీ ఇంట్లో నీ కూజా కడిగింది. బొగ్గు గనుల ఊరి పిల్ల, దానికీ తెలియదు. నువ్వు అరిచిన అరుపు నా మంచం దాకా వినబడింది. మీ నాయనమ్మ మాటే, థెల్మా, అక్షరం పొల్లు పోలేదు. సముద్రంలో తుఫానట, ఓడ నుంచి కబురు లేదట. ఆ పిల్ల మెట్ల మీద కూర్చుని ఉందని బీట్రిస్ చెప్పింది.

కాబట్టి నా కూజా ఆ పిల్లకి. శాండ్రా, సబ్బు తగలనివ్వకు, లోపలి నల్ల మరకలోనే రుచంతా ఉంది. నీళ్ళతో తొలిపితే చాలు. ఏ రోజైనా తొలుపు.

7. నన్ను పూడ్చి వచ్చాక అందరికీ శాండ్రాయే టీ పోయాలి. ఇంకెవరూ కూజా మీద చెయ్యి వేయకూడదు. మొదటి కప్పు థెల్మా అందుకుని తాగాలి. ఆస్తి ఏదీ దీనికి ముడిపెట్టడం లేదు, ముడిపెట్టేంత ఆస్తి నాకు లేదు. బ్యారీ తిరిగొస్తే ఆ కప్పు తాగడం తేలికే. రాకపోతే కూడా తాగు తల్లీ. అప్పుడే తాగాలి.

1971 డిసెంబరు 9, గురువారం.

(సంతకం) మురియెల్ బ్లెంకిన్

మా ఎదుట సంతకం చేసినందుకు సాక్షులు:
బీట్రిస్ గార్టన్, పక్కిల్లు
హొరేస్ గార్టన్, ఆమె భర్త